‘సారీ’ని సరిగ్గా వాడడం ఎలా?

తండ్రిని పోగొట్టుకున్న ఒక మిత్రుడికి విదేశంలోని సహోద్యోగి ఫోన్ చేసి ‘ఐ యామ్ సారీ’ అన్నప్పుడు, పక్కనే కూర్చున్న మేనత్త ఆ మాట విని, ‘పాపం, ఆయనేం తప్పు చేశాడురా?’ అని అడిగింది. ఆమె సందేహం సహజమైనదే. మనం ఈ మాటను ‘క్షమించండి’కి బదులుగా మాత్రమే వాడుతున్నాం. అయితే ‘క్షమించండి’ అన్నది ఎదుటివారిని వేడుకునే క్రియ కాగా, ‘సారీ’ అన్నది మాట్లాడేవారి మనసు ఎలా ఉందో చెప్పే విశేషణం. ప్రాచీన ఆంగ్లంలో దీని రూపం ‘సారిగ్’; నొప్పి, గాయం అనే అర్థాలున్న ‘సార్’ నుంచి అది పుట్టింది. గొంతు నొప్పిని ‘సోర్ త్రోట్’ అంటున్నామే, ఆ ‘సోర్’ కూడా అదే. దుఃఖాన్ని చెప్పే ‘సారో’ దీనికి తోబుట్టువులా కనిపిస్తుంది గానీ, దాని మూలం ‘సోర్గ్’ అనే వేరే పదం.

‘నొచ్చుకుంటున్నాను’ అన్న ఈ మూలార్థాన్ని గుర్తుంచుకుంటే వాడుక చాలావరకు దారిలో పడుతుంది. జరిగిపోయిన పొరపాటుకు ‘సారీ ఫర్ ది డిలే’ అనో, ‘సారీ ఫర్ బీయింగ్ లేట్’ అనో రాయాలి. ఆఫీసు మెయిళ్లలో తరచుగా కనిపించే ‘సారీ ఫర్ లేట్’ తప్పు. ఇబ్బంది పెడుతున్న క్షణంలోనే అయితే ‘సారీ టు డిస్టర్బ్ యూ’ అనాలి. ‘ఫర్’ తర్వాత మనిషి వస్తే మాత్రం జాగ్రత్త పడాలి: ‘ఐ యామ్ సారీ ఫర్ హిమ్’ అంటే అతన్ని చూస్తే జాలేస్తోందని అర్థం. తెలుగులో సారీ ‘చెబుతాం’ కనుక ‘టెల్ సారీ’ అని నోటికొస్తుంది. ఇంగ్లీషులో అది ‘సే సారీ’. నామవాచకానికి ముందు చేరి ‘ఎ సారీ స్టేట్’ అయితే అది దయనీయమైన స్థితి, అందులో క్షమాపణ లేశమైనా లేదు.

బాధ్యతను స్పష్టంగా ఒప్పుకోవలసిన లేఖలో ‘అపాలజైజ్’ మేలు. దానికి మూలమైన గ్రీకు మాట ‘అపోలోగియా’కు తనను తాను సమర్థించుకునే ప్రసంగమని అర్థం, అంటే దాదాపు మన సంజాయిషీ; ఇప్పుడు మాత్రం అది తప్పును ఒప్పుకోవడమే.

పరామర్శలోని ‘సారీ’ని తెలుగులోకి తేవలసి వస్తే ‘క్షమించండి’ అని రాయకుండా, ‘విని చాలా బాధ కలిగింది’ అని రాయండి. మేనత్తకు సందేహం రాదు.