అద్దెలో కొంత ముట్టుకోకండి

హైదరాబాద్‌లో అద్దెకిద్దామని ఫ్లాట్ కొంటున్నారా? నెలకు 20,000 వస్తే 3,000 వేరే ఖాతాలో వేసి మర్చిపోండి. ఇల్లు ఒకటి రెండు నెలలు ఖాళీగా ఉండొచ్చు. అప్పుడు ఈఎంఐ ఆగదు, మెయింటెనెన్స్ కూడా మనమే కట్టాలి. రంగులు, గీజరు, కుళాయిల పని కూడా సరిగ్గా అప్పుడే పడుతుంది. బోరు ఎండినా, లిఫ్టు మార్చాల్సి వచ్చినా అసోసియేషన్ అడిగేది ఓనర్‌నే. ఎండాకాలంలో ట్యాంకర్లకు ఎంతవుతుందో కొనకముందే పక్క ఫ్లాటు వాళ్లను అడగండి.

అద్దెకున్నవాళ్లిచ్చిన అడ్వాన్సు మాత్రం మన డబ్బు కాదు, దయచేసి ఖర్చు పెట్టకండి. వాళ్లు సామాన్లు సర్దుకునే రోజు అప్పు కోసం తిరిగే టెన్షన్ నేను పడ్డాను.

అన్నట్టు, ఆదాయపు పన్ను లెక్కలో మనం కట్టిన ఆస్తి పన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఉంటుంది, మరమ్మతులకు బిల్లులు చూపించక్కర్లేదు.