గ్రావెల్ గుంతలో నీళ్లు తోడే ముందు బయటి ఊట చూడండి

తవ్వేసిన గ్రావెల్ క్వారీకి నీళ్లు ఇంకకుండా ప్లాస్టిక్ షీటు వేసి రిజర్వాయరుగా మార్చిన ఒక చోట, ఈ మధ్య పెద్ద వాన పడ్డాక అడుగు షీటు ఉబ్బి పైకి లేచింది. ఒక పక్క అతుకు విడిపోయింది. షీటు మంచిదే, పనివాళ్లూ అశ్రద్ధ చేయలేదు. పైన నిలిచిన బురద నీళ్లు తోడేద్దామని రాత్రంతా మోటార్లు నడిపారు, అంతే. బయట ఊట, అంటే గుంత చుట్టూ నేలలో ఉన్న నీరు, ఎంత ఎత్తులో ఉందో ఎవరూ చూడలేదు.

కంచె, హెల్మెట్ లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. పెట్టిన డబ్బంతా ఒక్క రాత్రిలో పోగొట్టే ఈ తప్పు గురించే ఎక్కువ చెబుతాను.

గ్రావెల్‌లో నీరు నిలవదు కాబట్టే షీటు వేస్తున్నాం. అయితే లోపలి నీటిని బయటికి పోనివ్వని షీటు, బయటి నీటినీ లోపలికి రానివ్వదు. పక్కన ఏరు పొంగినా, నాలుగు రోజులు ముసురు పట్టినా ఊట పెరిగి షీటును కింది నుంచి నెడుతుంది. లెక్క చూడండి. 1.5 మిల్లీమీటర్ల మందం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు చదరపు మీటరుకు సుమారు 1.4 కిలోలు. బయటి ఊట లోపలి నీటి కంటే 10 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే చాలు, ఆ చదరపు మీటరును కింది నుంచి 100 కిలోల బలం తోస్తుంది. పైగా ఆ ప్లాస్టిక్ నీటి కంటే తేలిక. మీద మట్టి పోశాం, లేవదులే అనే ధీమా కూడా వద్దు. ఒక అడుగు (30 సెంటీమీటర్ల) మందం మట్టి చదరపు మీటరుకు సుమారు అర టన్ను. గుంత ఖాళీగా ఉన్నప్పుడు దాని అడుగుభాగానికి పైన అర మీటరు ఊట ఉంటే దాన్నీ ఎత్తేస్తుంది.

అందుకే, బయటి ఊట చూడకుండా లోపలి నీళ్లు తోడకండి.

చూడటం కష్టమేమీ కాదు. గుంతకు నాలుగు వైపులా చిల్లుల పీవీసీ గొట్టాలు, గుంత అడుగు కంటే లోతుకు దించండి. బరువు కట్టిన టేపు వదిలితే మట్టం తెలుస్తుంది. గొట్టాల తలలు, లోపలి నీటి మట్టం చూసే స్కేలు అన్నీ ఒకే లెవెల్ గుర్తు నుంచి కొలిచి ఉండాలి, లేకపోతే ఆ అంకెలను పోల్చలేరు. ఏరు పొంగితే అటువైపు గొట్టంలోనే నీళ్లు ముందు పెరుగుతాయి, దాన్ని వానల్లో రోజూ చూడండి. ఊట గుంత అడుగు కంటే పైకి వచ్చే చోటైతే షీటు కింద డ్రైనేజీ పొర, ఆ నీళ్లు చేరే సంప్, దానికి విడిగా మోటారు, కరెంటు పోతే జనరేటర్ ఉండాల్సిందే. కింద గట్టి బంకమన్నో రాయో తగిలే చోట, షీటుకు బదులు చుట్టూ ఆ పొరలోకి దిగేలా బెంటోనైట్ (తడిస్తే ఉబ్బి నీటిని ఆపే బంకమట్టి) గోడ కట్టించవచ్చేమో ఇంజనీరుతో మాట్లాడండి.

ఇక నేల సంగతి. గ్రావెల్ కడిగిన నీళ్లు వదిలిన మూల ఒకటి ఉంటుంది. పైన ఎండి, బీటలు వేసి గట్టిగా కనిపిస్తుంది, గునపం దించితే కింద పెరుగులాంటి బురద. దాన్ని తీయకుండా షీటు పరిస్తే నీళ్ల బరువుకు అక్కడ కుంగి, అతుకు సాగి చిరుగుతుంది. గట్టు వాలు ఒకటికి మూడు, అంటే మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డం ఉండాలి. నిలువు గోడ మీద షీటు వేలాడదీయకండి. మొనదేలిన రాళ్లు ఏరేసి, జియోటెక్స్‌టైల్ (షీటును కాపాడే మందపాటి గుడ్డ) పరిచాకే షీటు.

చెట్ల మొద్దులు, వేర్లు కింద వదలకండి, కుళ్లి గ్యాస్ చేరుతుంది.

మధ్యాహ్నం ఎండకు సాగిన షీటును బిగలాగి అంచులు పూడ్చకండి, చల్లబడితే ముడుచుకుంటుంది.

గాలి ఉన్న రోజు చుట్ట విప్పొద్దు. ఇసుక బస్తాలు ముందే దగ్గర పెట్టుకోండి.

రెండు వరుసలుగా వేసిన జంట అతుకు మధ్య సందులో గాలి నింపి, ఒత్తిడి చూపే గేజీ పడిపోకుండా నిలిచాకే డబ్బులివ్వండి.

తడి షీటు వాలు మీద కాలు ఆగదు, చేతికి పట్టు దొరకదు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ పైకి రాలేక చనిపోతారు. నీళ్లు నింపకముందే నాలుగు వైపులా అడుగు దాకా తాళ్ల నిచ్చెనలు బిగించండి.

వాలు మీదికి ఒక్కరే దిగొద్దు.

షీటు లేచిందా, లోపలి నీళ్లు తోడే మోటారు వెంటనే ఆపండి. ఉబ్బు మీద ఎవరినీ నడవనివ్వకండి. కత్తితో కోయకండి. షీటు కింది నీళ్లు చేరే సంప్ నుంచి తోడి ఊట దించండి. కింది నీటికి దారి లేకుండా పైన గబగబా నింపితే షీటు మడతలు పడి సాగుతుంది.

పూడిక తీయాలంటే ఊట బాగా దిగిపోయిన నెలల్లోనే. వానలు ఆగాయి కదా అని మర్నాడే మొదలుపెట్టకండి, ఆకాశం తేటపడ్డా ఊట ఇంకా పైనే ఉంటుంది. మళ్లీ చెబుతున్నాను, బయటి ఊట చూడకుండా లోపలి నీళ్లు తోడొద్దు.

గొట్టంలో మట్టం లోపలి నీటి కంటే పైన ఉంటే లోపలి నీళ్లు తోడే మోటారు స్విచ్ వేయకూడదని మోటారు షెడ్డు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. రాత్రి డ్యూటీ మనిషికి టేపు, టార్చి ఇచ్చి, కొలిచి రాయడం మీరే దగ్గరుండి నేర్పండి.