‘ఆపరా’ అనడం మానేశాక

మావాడికి ఏడో ఏట కళ్లు టపటపా ఆర్పడం మొదలైంది. కళ్లలో ఏదో పడిందనుకుని చుక్కల మందు వేశాం. అది తగ్గేలోపు ముక్కు ఎగబీల్చడం వచ్చింది. తొమ్మిదేళ్లు వచ్చేసరికి మెడ కుడివైపుకి విదిలించడం. ఆ రెండేళ్లలో వాడితో ఎన్ని వేలసార్లు ‘ఆపరా’ అన్నానో. అది చెడ్డ అలవాటూ కాదు, మొండితనమూ కాదు, మెదడు పనితీరు వల్ల తన అదుపులో లేకుండా పదేపదే వచ్చే కదలిక లేదా చప్పుడు, దాన్నే టిక్ అంటారని పిల్లల న్యూరాలజిస్టు చెప్పాక ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. ఆవిడే మమ్మల్ని బిహేవియర్ థెరపీకి పంపారు. పది వారాల్లో ఎనిమిదిసార్లు వెళ్లాం. అక్కడ నేర్పింది, ఇంట్లో తంటాలు పడి చేసింది రాస్తున్నాను. థెరపిస్టు దొరికితే మాత్రం వాళ్ల దగ్గరే నేర్చుకోండి.

మొదటి వారం ఏమీ మార్చకండి, గమనించండి చాలు. ఒక నోట్‌బుక్‌లో టిక్ ఎప్పుడు ఎక్కువైంది, అంతకుముందు ఏం జరుగుతోంది, తర్వాత ఇంట్లో వాళ్లం ఏం చేశాం, ఈ మూడూ రాసుకోండి. మూడోది రాయడానికే నాకు సిగ్గేసింది. లెక్కలు చేస్తూ మెడ విదిలించినప్పుడల్లా నేను ‘సరేలే, పుస్తకం మూసెయ్’ అంటున్నాను. వాడు కావాలని చేయడం లేదు. కానీ టిక్ వస్తే లెక్కలు ఆగుతాయని వాడి మెదడు నేర్చేసుకుంది. అందుకని పద్ధతి మార్చాం. టిక్స్ ఎక్కువైతే గడియారం చూసుకుని ఐదు నిమిషాలు విరామం, తర్వాత వదిలిన లెక్క దగ్గరికే రావాలి. ఇంకో నియమం పెద్దవాళ్లకి: టిక్ గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. ‘మళ్లీ మొదలెట్టావేంట్రా’ అనకూడదు, ‘అయ్యో, నొప్పిగా ఉందా నాన్నా’ అనీ అనకూడదు. మా అత్తగారికి ఇది అలవాటవడానికి నెల పట్టింది. నాకూ ఇంచుమించు అంతే.

తర్వాత ఒక్క టిక్‌నే ఎంచుకోవాలి. ఉన్నవన్నీ పిల్లలతోనే రాయించి, ఏది ఎంత ఇబ్బంది పెడుతోందో సున్నా నుంచి పదిలోపు మార్కులు వేయమనండి. ముందు ముక్కు ఎగబీల్చడం పోవాలని నా ఆశ, ఆ చప్పుడు నాకు చిరాకు. వాడు దానికి వేసింది రెండు. మెడకి ఎనిమిది. ‘నొప్పెడుతుందమ్మా, పైగా వెనక బెంచీ వాడు నాలాగే చేసి చూపిస్తాడు’ అన్నాడు. మెడతోనే మొదలుపెట్టాం.

ఇక అసలు పని. టిక్‌కి ముందు చాలామంది పిల్లల్లో ఒక గుంజుడు పుడుతుంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో గిలి పుడుతుందే, అలాంటిది. చిన్నపిల్లల్లో చాలామందికి అది తెలియదు, పదేళ్లు దాటినవాళ్లు ఎక్కువగా పసిగడతారు. ఒక సాయంత్రం ఇద్దరం అద్దం ముందు కూర్చున్నాం. మెడ టిక్‌ని కావాలని నెమ్మదిగా చేసి చూపించమన్నాను. మొదట ‘ఊరికే అలా అవుతుంది’ అన్నాడు. మూడోసారికి ‘కుడి భుజం కొంచెం లేస్తోంది’ అన్నాడు. ఇంకాసేపటికి చెవి కింద వేలు పెట్టి, ‘ఇక్కడ బిగుస్తుంది, ఆ తర్వాతే భుజం’ అని తేల్చాడు. ఆ బిగింపే మాకు దొరికిన గుర్తు. అప్పటి నుంచి రోజూ పది నిమిషాలు మామూలు కబుర్లు. బిగింపు తెలిసినప్పుడల్లా వాడు వేలెత్తాలి. మొదట్లో మెడ తిరిగాక ఎత్తేవాడు. వారం చివరికి ముందే ఎత్తుతున్నాడు.

వేలెత్తడం కుదిరాకే ఎదురుపని, అంటే గుంజుడు రాగానే టిక్‌కి బదులు చేసే పని. టిక్ చేస్తూ చేయలేనిది, పక్కవాళ్ల కంటపడనిది, కూర్చున్నచోటే చేయగలిగేది అయి ఉండాలి. మెడకి మా థెరపిస్టు చెప్పింది ఇది: గడ్డం కొద్దిగా లోపలికి లాగి, మెడ కండరాలు మెల్లగా బిగించి, చూపు ఎదురుగా నిలిపి, ముక్కుతో నిదానంగా ఊపిరి తీసుకోవాలి. నిమిషంపాటు, అప్పటికీ గుంజుడు పోకపోతే పోయేదాకా. గొంతు సవరించే టిక్‌కయితే నోరు మూసి ముక్కుతో నిదానంగా ఊపిరి తీయడం, కళ్లు ఆర్పే టిక్‌కి కావాలని నెమ్మదిగా, లెక్కగా ఆర్పడం. టిక్ తప్పించుకుని వచ్చేసినా ఫరవాలేదు, వచ్చాకయినా ఎదురుపని చేయాలి. మరీ గట్టిగా బిగిస్తే అదే కొత్త నొప్పి అవుతుంది, జాగ్రత్త.

ఇక్కడ నేనో పెద్ద తప్పు చేశాను. టిక్ రాని ప్రతి గంటకీ ఒక స్టార్ అన్నాను. వాడు స్టార్ కోసం బాత్‌రూమ్‌లోకి వెళ్లి మెడ విదిలించుకొచ్చేవాడు. బహుమతి సాధన చేసినందుకు ఇవ్వాలి, టిక్స్ తగ్గినందుకు కాదు. అన్నట్టు, ఇప్పుడు ఆపుకుంటే తర్వాత రెట్టింపవుతాయని చాలామంది భయపెడతారు. పరిశోధనల్లో అలా తేలలేదు.

టీనేజ్ వాళ్లతో ఈ పర్యవేక్షణంతా బెడిసికొడుతుంది. వాళ్ల నోట్‌బుక్ వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. ‘చేశావా’ అని రోజుకి ఒక్కసారే, అదీ వాళ్లు ఒప్పుకున్న వేళకే అడగండి. క్లాసులో ఎవరైనా అడిగితే చెప్పడానికి రెండు ముక్కలు సిద్ధం చేసి పెట్టండి: ‘దీన్ని టిక్ అంటారు, అంటుకోదు, నువ్వు పట్టించుకోకపోతే నాకు హాయి.’

ఎంత ఆశించాలి? హ్యాబిట్ రివర్సల్ అనే ఈ పద్ధతిని అజ్రిన్, నన్ అనే మనస్తత్వవేత్తలు 1973లో ప్రకటించారు. దీనికి ఇంటి మార్పులు, రిలాక్సేషన్ చేర్చిన సీబీఐటీ (టిక్స్ కోసం సమగ్ర బిహేవియర్ థెరపీ) అనే పద్ధతిని 9 నుంచి 17 ఏళ్ల 126 మంది మీద పరీక్షించి 2010లో ఫలితాలు వెల్లడించారు. దీన్ని నేర్చినవాళ్లలో 52.5 శాతం మందికి స్పష్టంగా మెరుగైంది, కౌన్సెలింగ్, అవగాహనతో సరిపెట్టిన వాళ్లలో 18.5 శాతం మందికి. అంటే దాదాపు సగం మందికి ఇది చాలదు. అది పిల్లల తప్పూ కాదు, మన తప్పూ కాదు, అప్పుడు మందుల సంగతి డాక్టరుతో మాట్లాడాలి. ఇప్పటికే మందు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. టిక్ వల్ల దెబ్బలు తగులుతున్నా, స్పృహ తప్పుతున్నా, టీనేజ్‌లో రాత్రికి రాత్రే ఎన్నో కదలికలు మొదలైనా ముందు డాక్టరు దగ్గరికే.

టిక్స్ వాటంతటవే పెరుగుతాయి, తగ్గుతాయి. చాలామందికి 10, 12 ఏళ్ల మధ్య బాగా ఎక్కువై తర్వాత నెమ్మదిస్తాయి. మావాడికిప్పుడు పన్నెండు. మెడ టిక్ నాలుగు నెలలు అసలు లేదు, పరీక్షల ముందు మళ్లీ వచ్చింది. నేను కంగారుగా నోట్‌బుక్ వెతుకుతుంటే, వాడు అప్పటికే దాన్ని తీసి తేదీ వేసి, కింద రాసుకున్నాడు: ‘చెవి కింద కాదు, ఈసారి గడ్డం దగ్గర మొదలవుతోంది.’