లీడరు మాట ఎవరూ పట్టించుకోకపోతే: పొదుపు సంఘంలో తేడా ఎక్కడ, దిద్దుబాటు ఎలా

పొదుపు సంఘానికి లీడరుగా ఎన్నుకున్న రోజు చాలామందికి ఒకటే టెన్షన్: "నాకు గట్టిగా మాట్లాడటం రాదే." నేనూ అదే అన్నాను. సంఘానికి ఇద్దరు లీడర్లుంటారు; పదకొండేళ్లు మొదటి లీడరుగా, తర్వాత ఊళ్లో సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘంలో పనిచేశాను. ఈ మధ్యలో పెద్ద గొంతున్న లీడర్లను చాలామందిని చూశాను, వాళ్లు లేచి నిలబడగానే సభ్యులు చెప్పులు వెతుక్కోవడమూ చూశాను. సంఘంలో ఉండేది పది నుంచి పదిహేను మంది, అందరూ ఒకే వీధివాళ్లు, సగం మంది వదినలూ పిన్నులూ. మనింట్లో ఆ పూట ఏ కూర వండామో కూడా తెలిసినవాళ్ల ముందు పెద్దరికం నటిస్తే నవ్విపోతారు. ప్రతి మీటింగులో చేసే చిన్న పనులతోనే లీడరు మాట నిలవాలి. ఏ ఇబ్బంది వస్తే ఎక్కడ వెతకాలో రాస్తున్నాను, మీకున్నది చూసుకోండి.

మీరు మాట్లాడుతుంటే పక్కన కబుర్లు మొదలవుతున్నాయి

ముందు మీ మొదటి మాట ఏమిటో గమనించండి. "ఏం లేదక్కా, చిన్న విషయం, మీకందరికీ తెలిసిందే..." అని మొదలుపెడితే, ఏం లేదని మీరే చెప్పినట్టు. విననవసరం లేదనుకుంటారు. రెండో కారణం, పుస్తకంలోకి తలదించుకుని మాట్లాడటం. మూడోది, అందరూ జంపఖానా మీద గుండ్రంగా కూర్చుంటే మీరు ఒక్కరే కుర్చీలో కూర్చోవడం. కుర్చీ గౌరవం తెస్తుందనుకుంటాం గానీ, వెనకవాళ్లకు మన మొహం కనిపించదు, మనకు వాళ్ల గుసగుసలు వినిపించవు.

కింద కూర్చోండి. హాజరు పిలిచేటప్పుడు పేరు పిలిచి, ఆమె మొహం చూసి, ఆమె పలికాకే తర్వాతి పేరుకు వెళ్లండి. అసలు విషయం మొదటి వాక్యంలోనే చెప్పేయండి: "ఈ నెల ముగ్గురు అప్పు అడిగారు, డబ్బు ఇద్దరికే సరిపోతుంది." కబుర్లు మొదలైతే గొంతు పెంచకండి, మాట ఆపేయండి. నాలుగైదు క్షణాలు చాలు. ఆ నిశ్శబ్దం మొదటిసారి మనకే ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోవాలి.

పదకొండింటికి అంటే పన్నెండుకు వస్తున్నారు

ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం మీరు ఆగుతున్నారు గనుక. టైముకు వచ్చిన నలుగురూ గంటసేపు దోమలు తోలుకుని, వచ్చే నెల నుంచి వాళ్లూ పన్నెండుకే వస్తారు. నలుగురితోనే మొదలుపెట్టండి. కిందటి తీర్మానాలు చదవడం, పొదుపు డబ్బు తీసుకోవడం లాంటివి అందరూ రాకపోయినా నడుస్తాయి. అప్పుల నిర్ణయం మాత్రం అందరూ వచ్చాక. మా సంఘంలో ఆలస్యానికి పది రూపాయల జరిమానా తీర్మానం రాసుకున్నాం. పది రూపాయలకు ఎవరూ చితికిపోరు గానీ, పుస్తకంలో పేరు ఎక్కడం ఎవరికీ ఇష్టం ఉండదు.

వాయిదా కట్టని చుట్టాన్ని అడగలేకపోతున్నారు

లీడర్ల పరువు ఎక్కువగా పోయేది ఇక్కడే. నాదీ ఇక్కడే పోయింది.

మా తోటికోడలు రెండు నెలలు వాయిదా కట్టలేదు. నెలకు 1,200. అడిగితే ఇంట్లో గొడవని, నా చీటీ డబ్బులోంచి తీసి ఆమె పేరున నేనే కట్టేశాను. ఎవరికీ తెలియదనుకున్నాను. మూడో నెల ఇంకొకామెను "ఎందుకు కట్టలేదు పిన్నీ" అని అడిగానో లేదో, ఆవిడ పమిట సర్దుకుని నెమ్మదిగా అంది: "మీ ఇంట్లోవాళ్లకయితే నువ్వు కడతావు. మాకెవరు కడతారమ్మా?" పన్నెండు మందిలో ఒక్కరు కూడా తలెత్తి నా వైపు చూడలేదు. దానికంటే తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆరు నెలలు నేను ఏం చెప్పినా "సరేలే" అనేవాళ్లు, చేసేవాళ్లు కాదు.

అడిగే ధైర్యం లేకపోవడం పైకి కనిపించే సంగతి. లోపల ఉన్న అసలు తప్పు, ఒక్కొక్కరిని ఒక్కోలా అడగడం. పరాయివాళ్లను అందరి ముందూ, మనవాళ్లను వంటింట్లో. ఆ తర్వాత నేను మార్చుకున్నది ఇదీ: ప్రతి మీటింగులో బాకీల పేజీ పైకి చదవడం, కూర్చున్న వరుసలో, నా పేరుతో సహా. అందరికీ ఒకే వాక్యం: "ఈ నెల ఇంత కట్టాలి, కట్టారా?" కట్టకపోతే "ఎప్పటికి?" అని అడిగి, ఆమె చెప్పిన తేదీ ఆమె ముందే రాయడం. కారణం మీద వాదన పెట్టుకోవద్దు. నిజంగా కష్టంలో ఉందని తెలిస్తే ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్లి మాట్లాడాలి, అదీ చుట్టాలకూ పరాయివాళ్లకూ ఒకేలా. ఇంకొకటి, మన వాయిదా అందరికంటే ముందు, అందరూ చూస్తుండగా లెక్కపెట్టి ఇవ్వాలి. అడగాల్సిన పని సగం అక్కడే తప్పుతుంది.

మీటింగులో తలలూపి, బయట కుళాయి దగ్గర వేరేగా మాట్లాడుతున్నారు

నిర్ణయం ముందే మీ అరుగు మీద ఇద్దరు ముగ్గురితో అయిపోయిందని వాళ్లకు తెలుసు. లేదా మీ అభిప్రాయం మీరే ముందు చెప్పేస్తున్నారు. లీడరు చెప్పేశాక కాదనడానికి ఎవరికి మొహం వస్తుంది?

మీరు ఆఖరున మాట్లాడండి. చివర కూర్చున్న, ఎప్పుడూ మాట్లాడని సభ్యురాలిని పేరు పెట్టి ముందు అడగండి. "ఏమంటారు అందరూ?" అంటే ఎవరూ ఏమీ అనరు. ఆమె చెప్పింది నచ్చకపోయినా ఆ మాటను అలాగే పుస్తకంలో రాయించి పైకి చదివించండి. వచ్చే నెల ఇంకొకరు నోరు తెరుస్తారు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లు ముందు కూర్చున్నది అక్షరాస్యత తరగతుల్లోనే. ఆ చిన్న గుంపుల్లో నోరు తెరిచినవాళ్లే ఊళ్లో దుకాణం ముందు నిలబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత నెల్లూరులో ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. మన జంపఖానాకు అంత చరిత్ర ఉంది మరి.

బ్యాంకుకు వెళ్తే గొంతు పెగలడం లేదు

మేనేజరు గది అద్దం తలుపు దగ్గర "నువ్వు చెప్పు", "కాదు నువ్వే చెప్పు" అని ఇద్దరు లీడర్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో! ఆయన తలెత్తేసరికి ఇద్దరూ నవ్వుతారు, పని మళ్లీ సంఘాల లెక్కలు రాసిపెట్టే సంఘమిత్ర మీద పడుతుంది.

ఇది పిరికితనం అనుకోకండి. చేతిలో అంకెలు లేకపోతే ఎవరికైనా నోరు ఎండిపోతుంది. వెళ్లేముందు ఒక కాగితం మీద ఐదు రాసుకోండి: ఇప్పటిదాకా పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, ఎన్ని వాయిదాలు కట్టాం, ఇంకా ఎంత ఉంది, ఇప్పుడు ఏం కావాలి. మొదటి వాక్యం ఇంట్లో గిన్నెలు తోముతూ పదిసార్లు పైకి అనుకోండి: "నమస్తే సార్, ఫలానా సంఘం మొదటి లీడర్ని, కొత్త లింకేజీ గురించి వచ్చాం." లింకేజీ అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు. కుర్చీ ఖాళీగా ఉంటే "కూర్చోవచ్చా సార్" అని అడిగి కూర్చోండి. నిలబడి మాట్లాడితే తొందరగా పంపించేస్తారు. అంకెలు ఒకరు, అడగాల్సింది ఒకరు చెప్పేలా ముందే పంచుకోండి. పంచసూత్రాలు, అంటే సమావేశం, పొదుపు, సభ్యులకు సంఘమే ఇచ్చే అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు సరిగ్గా ఉన్న సంఘానికి అక్కడ బతిమాలుకోవాల్సిన అవసరం లేదు.

మీ పేరున్న ఫోనుకు మీ ఆయన సమాధానం చెబుతున్నారు

మీ నంబరు ఇవ్వండి, మీరే ఎత్తండి. ఆయన వచ్చి మీటింగులో కూర్చుంటే "టీ తాగి రండి, అయ్యాక పిలుస్తాం" అనండి. నవ్వుతూనే అనండి. రెండుసార్లు చాలు.

మీరు లేకపోతే మీటింగే జరగడం లేదు

దీన్ని గొప్పగా చెప్పుకునే లీడర్లున్నారు, నేనూ కొన్నాళ్లు చెప్పుకున్నాను. పుస్తకాలు మన పెట్టెలో, తాళం మన కొంగున, లెక్క మన తలలో ఉంటే మరి ఎలా జరుగుతుంది? పుస్తకాలు రెండో లీడరు ఇంట్లో పెట్టించండి. మూడు నెలలకోసారి ఆమె నడపాలి, మీరు చివర కూర్చోవాలి. తప్పు చదివినా మధ్యలో అందుకోవద్దు, ఇది అన్నిటికంటే కష్టం.

మా రెండో లీడరుకు అలా అప్పగించిన మొదటి నెల, మండలం నుంచి వచ్చే బస్సు పాడై పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. హాజరు అయిపోయింది. పొదుపు కూడా సగం వసూలైంది. కూర్చోబోతుంటే ఆమె పుస్తకంలోంచి తలెత్తకుండానే చెయ్యి చాపింది: "అక్కా, పది రూపాయలు."