గడిచిన సమయాన్ని తేదీ గడియారంతో కొలవకండి

చీమకుర్తి గ్రానైట్ పలకల కొలతలు లెక్కగట్టేందుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను రాసుకున్న ప్రోగ్రాం, ఒకనాడు ఆ పనికి పట్టిన సమయం మైనస్ 2 సెకన్లని చూపించింది. కొంత ముందుకు పోయి ఉన్న కంప్యూటరు గడియారాన్ని, నెట్ రాగానే సిస్టమ్ వెనక్కి సరిదిద్దడమే అందుకు కారణం. నేను వాడిన టైమ్.టైమ్ అనే పైథాన్ ఫంక్షన్ ఆ గడియారాన్నే చదువుతుంది.

గడిచిన సమయం కావలసినప్పుడు, పైథాన్ 3.3 నుంచి ఉన్న టైమ్.పెర్ఫ్_కౌంటర్ ఫంక్షన్ ఇచ్చే విలువను పనికి ముందొకసారి, ముగిశాక మరొకసారి తీసుకొని, రెండో దానిలోంచి మొదటిది తీసివేయాలి. అది ఎన్నడూ వెనక్కి నడవదు. జావా భాషలో ఈ పనికి సిస్టమ్.నానోటైమ్ ఉంది. అయితే ఇవి ఇచ్చే అంకెకు విడిగా అర్థమేమీ లేదు కాబట్టి, బిల్లు మీద వేయవలసిన తేదీకి మాత్రం టైమ్.టైమ్ చదివే ఆ తేదీ గడియారమే వాడాలి.