గాజు వసారా కట్టించేవాళ్ళకు

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మాది సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉంటుంది. వంటగది వెనక 2016 వేసవిలో కన్సర్వేటరీ వేయించాం. ఇంటి గోడ నుంచి ముందుకి మూడు మీటర్లు, వెడల్పు మూడున్నర, తెల్ల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములు, అద్దాల కప్పు. తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా మా అమ్మ దాన్ని గాజు వసారా అంటుంది. ఈ మధ్య ఇక్కడ ఇళ్ళు కొన్న మనవాళ్ళు చాలామంది "మీకెంతయింది?" అని అడుగుతున్నారు. ఆ సంగతి తర్వాత చెప్తాను. అమ్మడానికి వచ్చినవాణ్ణి ముందు అడగాల్సింది ఒకటే: వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి?

మేం ఆ మాట అడగలేదు. మొదటి నవంబరులోనే వంటగది తలుపు పైన గోడ తడిసి ఉబ్బింది. కంపెనీవాళ్ళు వచ్చి కప్పు, గోడ కలిసేచోట సిలికాన్ పూసి వెళ్ళారు. మళ్ళీ కారింది, మళ్ళీ పూశారు. మూడోసారి కూడా అంతే. చివరికి పక్కింటి పెద్దాయన, ఒకప్పుడు తాపీపని చేసినవాడు, గోడకేసి చూసి "ట్రే పెట్టలేదు కదూ?" అన్నాడు.

విషయం ఏమిటంటే, ఇక్కడి చాలా ఇళ్ళకు బయట ఒక ఇటుక గోడ, లోపల ఒక గోడ, మధ్యలో ఖాళీ ఉంటాయి. బయటి ఇటుక వాన పీల్చుకుంటుంది. ఆ తడి ఖాళీలోకి దిగి కిందికి జారిపోతుంది. ఆ గోడకే గది కట్టామంటే నిన్నటి బయటి గోడ ఇవాళ లోపలి గోడ అయింది కదా, పైన పీల్చిన నీరు నేరుగా గదిలోకి దిగుతుంది. దాన్ని మధ్యలో పట్టి బయటికి తోసేయడానికి కప్పు చేరే వరసకు పైన ఇటుకల మధ్యలో కావిటీ ట్రే పెడతారు. దాని కింద సీసం రేకు మడిచి కప్పు మీదికి దింపుతారు. సిలికాన్ ఈ రెండింటి పనీ చేయలేదు. తర్వాత ఇంకో మేస్త్రీ రెండేసి ఇటుకలు తీస్తూ ట్రే అమర్చి 1,100 పౌండ్లు తీసుకున్నాడు. కాబట్టి కొటేషన్‌లో "కావిటీ ట్రే, లెడ్ ఫ్లాషింగ్" అని రాసి ఉందో లేదో చూసుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు.

ఇక అనుమతులు. ఇంగ్లండ్‌లో ఇంటి వెనక, ఒకే అంతస్తుగా, సెమీకి గాని టెర్రస్‌కి (వరసగా అతుక్కుని ఉండే ఇంటికి) గాని 3 మీటర్ల వరకు, విడి ఇంటికి 4 మీటర్ల వరకు మామూలుగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. సరిహద్దుకు 2 మీటర్లలోపు ఉంటే చూరు 3 మీటర్లు మించకూడదు. ఫ్లాట్లకు ఈ వెసులుబాటు లేదు. కొత్త ఎస్టేట్లలో కొన్నిచోట్ల దీన్ని ముందే తీసేస్తారు, అందుకని కౌన్సిల్‌నీ, ఇంటి కాగితాల్నీ ఒకసారి చూడండి. పునాది తవ్వేచోటికి 3 మీటర్లలోపు పబ్లిక్ డ్రైనేజీ గొట్టం ఉంటే నీళ్ళ కంపెనీ ఒప్పుకోవాలి. పక్కింటి గోడకు 3 మీటర్లలోపు, వాళ్ళ పునాదికంటే లోతుగా తవ్వితే 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం నోటీసు ఇవ్వాలి.

మా ఆయన సరదాగా, వంటగదికీ దీనికీ మధ్య తలుపు తీసేసి ఒకే హాలు చేద్దామన్నాడు. చేయకండి. 30 చదరపు మీటర్లలోపు ఉండి, ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపులాంటి గట్టి తలుపు ఉండి, హీటింగ్ విడిగా ఆపుకునేలా ఉంటేనే బిల్డింగ్ రెగ్యులేషన్స్ (కట్టడాల నిబంధనలు) నుంచి మినహాయింపు. అద్దాలు, వైరింగ్ మాత్రం ఎలాగూ నిబంధనల ప్రకారమే ఉండాలి. తలుపు తీస్తే మినహాయింపు పోతుంది, జనవరిలో ఇంటి వేడి కూడా దాంతోపాటే పోతుంది. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ లాయరు ఆ నిబంధనల కాగితమే అడుగుతాడు.

డబ్బు సంగతి. మాకు మూడు కొటేషన్లు వచ్చాయి, ఒకే కొలతకు 9,800 నుంచి 17,400 పౌండ్ల వరకు. ఎక్కువ చెప్పినాయన రాత్రి తొమ్మిదిన్నర దాకా మా సోఫాలో కూర్చుని, "మేనేజర్‌కి" ఫోన్ చేసి, "ఈ రాత్రికి సంతకం పెడితే పదకొండు వేలు" అన్నాడు. రైతుబజార్లో వంకాయల బేరం కూడా ఇంతకంటే నిజాయితీగా ఉంటుంది. రాత్రికి రాత్రి ఆరువేలు తగ్గే ధర అసలు ధర కాదు. ఆర్డరు మీద కొలతకు చేయించే వస్తువుకి మనసు మారిందని వెనక్కి తగ్గే హక్కు దొరకదనుకోండి. అడ్వాన్సులో కొంతైనా క్రెడిట్ కార్డుతో కట్టండి. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపుంటే 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. గ్యారంటీ వెనక ఇన్సూరెన్స్ ఉందో లేదో అడగండి. కంపెనీ మూతపడితే పదేళ్ళ గ్యారంటీ కాగితం పొట్లం కట్టుకోవడానికే.

ఫ్రేముల గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ముక్క కోసి చూపించమనండి. లోపల గదులు గదులుగా ఉండాలి, పెద్ద ముక్కల్లో స్టీలు పట్టీ ఉండాలి. అద్దాన్ని పట్టుకునే బీడింగ్ లోపలివైపు ఉంటే మంచిది, బయటినుంచి దొంగ ఊడదీయలేడు. తలుపులో, కింది పలకల్లో టఫెండ్ (గట్టిపరచిన) గాజు ఉండాలి. దాని మూలలో బీఎస్ ఈఎన్ 12150 లాంటి చిన్న ముద్ర కనిపిస్తుంది. పాలికార్బొనేట్ (ప్లాస్టిక్ రేకు) కప్పు చవకే గాని, వాన పడితే రేకుల షెడ్డు కింద కూర్చున్నట్టుంటుంది, ఫోన్ మాట్లాడలేరు. అద్దం కప్పయినా నైరుతి ఎండకు కాగుతుంది. 2022 జులై 19న ఇంగ్లండ్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైన రోజు, మా గదిలో థర్మామీటరు 47 చూపించింది, తులసి మొక్క తల వాల్చేసింది. ఎండను ఆపే గాజు, కప్పులో తెరుచుకునే కిటికీ, రెండూ పెట్టించుకోండి. అక్కడ పొదుపు చేయొద్దు.

తర్వాత సంరక్షణ. మూడు నాలుగు నెలలకోసారి గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. బ్లీచు, థిన్నరు, ప్రెషర్ వాషరు వద్దు. పీచు అసలే వద్దు. అది నాకు ఎలా తెలిసిందంటే, ఒక మే నెలలో అమ్మ నిమ్మకాయ ముక్కలు ఉప్పు పసుపు కలిపి ఆ కిటికీ గట్టు మీద ఎండబెట్టింది. "మన డాబా మీద లేని ఎండ ఇక్కడుందే!" అని మురిసిపోయింది కూడా. రసం కారి తెల్ల ప్లాస్టిక్ మీద అరచేయంత పసుపు మరక పడింది. నేను కంగారుపడి ఆకుపచ్చ పీచుతో రుద్దాను. మరక కదల్లేదు, గీతలు మాత్రం పడ్డాయి. వారం తిరిగేసరికి ఎండకు పసుపు దానంతటదే వెలిసిపోయింది. గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

చలికాలంలో తడి బట్టలు అందులో ఆరేయకండి. తెల్లారేసరికి గాజు మీద నీళ్ళు ధారలు కడతాయి, మూలల్లో నల్ల బూజు పడుతుంది. ఫ్రేము పైనుండే సన్నని గాలి రంధ్రాలు చలికి భయపడి మూసేయొద్దు. రెండు గాజు పలకల మధ్య మంచు పట్టిందంటే దాని సీలు పోయింది. ఫ్రేము మార్చక్కర్లేదు, ఆ గాజు ముక్క ఒక్కటే మార్పించండి. తాళాలకు, బందులకు ఏడాదికోసారి పల్చటి నూనె, రబ్బరు పట్టీలకు సిలికాన్ స్ప్రే. తలుపు కిందకి దిగి గడపకు రాసుకుంటుంటే బలంగా లాగకండి, బందులో అలెన్ కీ తిప్పితే పైకి లేస్తుంది.

ఆకులు రాలడం అయిపోయాక, నవంబరు చివర్లో, గటర్ శుభ్రం చేస్తాం. అదే రోజు ఫ్రేము కింది కాలువ కూడా. ప్రతి యూపీవీసీ ఫ్రేములోనూ అడుగున సన్నని రంధ్రాలుంటాయి, లోపలికొచ్చిన వాననీరు అందులోంచే బయటికి పోవాలి. కూకట్‌పల్లిలో మా చెల్లి ఫ్లాటులో స్లైడింగ్ కిటికీలకీ ఇవే ఉన్నాయి. ఒక వర్షాకాలం అవి దుమ్ముతో పూడిపోయి, హాల్లోకి నీళ్ళొచ్చి సోఫా తడిసింది. గ్లాసెడు నీళ్ళు కాలువలో పోసి బయటికెళ్ళి చూడండి. అర నిమిషంలో కారకపోతే పుల్లతో పొడవాలి. మా దాంట్లో ప్రతిసారీ బయటపడేవి ఎండిన కరివేపాకు రెబ్బలు. అక్టోబరులో చలికి కుండీ లోపలికి తెస్తాను, అది అక్కడే నిలబడి ఆకు రాలుస్తుంటుంది.