దివ్యజ్ఞానం చెప్పే ఏడు తత్త్వాలను అధ్యయనం చేసే పద్ధతి

మనిషిని ఏడు తత్త్వాల కలయికగా వివరించే దివ్యజ్ఞాన (థియోసఫీ) గ్రంథాలు చేతికి తీసుకున్న తెలుగు పాఠకుడికి మొట్టమొదట ఎదురయ్యే చిక్కు, అందులోని మాటలన్నీ తనకు ముందే తెలిసినవి కావడం. స్థూల శరీరం, ప్రాణం, లింగ శరీరం, కామం, మనస్సు, బుద్ధి, ఆత్మ అన్నవే ఆ ఏడు. ఈ మాటలను గీతా ప్రవచనాల్లోనో వేదాంత పాఠాల్లోనో విని ఉంటాం కనుక, వాటికి మనకున్న అర్థాన్నే పట్టుకుని చదువుకుంటూ పోతాం. యాభై పుటలు దాటేసరికి ఎక్కడో ముడి పడుతుంది. ఎక్కడ పడిందో తెలియదు. లింగ శరీరం అన్న ఒక్క మాట విషయంలో నేను రెండేళ్లు ఇలాగే తప్పుదారిలో నడిచాను. అందుకే ఈ అధ్యయనాన్ని కొత్తగా మొదలుపెట్టేవారికి పనికివచ్చే పద్ధతిని, మా అధ్యయన బృందంలో ఏళ్ల తరబడి పాటించి చూసినదాన్ని, ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, మీరు చదవబోయే పుస్తకం ఏ సంవత్సరంలో వెలువడిందో చూసి దాని మొదటి పుట మీద పెన్సిలుతో రాసుకోండి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు గానీ, సగం గందరగోళం దీనితోనే తొలగిపోతుంది. దివ్యజ్ఞాన సమాజం 1875 నవంబరులో న్యూయార్క్ నగరంలో ఏర్పడింది. దాని స్థాపకుల్లో ముఖ్యురాలైన హెలీనా పెట్రోవ్నా బ్లావట్‌స్కీ 1877లో ప్రచురించిన ‘ఐసిస్ అన్‌వెయిల్డ్’లో మనిషిని ప్రధానంగా దేహం, జీవం, ఆత్మ అనే మూడు భాగాలుగానే చూపారు. ఏడు తత్త్వాల విభాగం 1881 నుంచి ‘థియోసఫిస్ట్’ మాసపత్రికలోనూ, 1883లో సిన్నెట్ రాసిన ‘ఎసోటెరిక్ బుద్ధిజం’లోనూ విస్తరించింది, 1888 నాటి ‘సీక్రెట్ డాక్ట్రిన్’లో, 1889 నాటి ‘కీ టు థియోసఫీ’లో దానికి నిండైన రూపం వచ్చింది. బ్లావట్‌స్కీ 1891లో మరణించిన తరువాత సమాజపు తరువాతి రచయితలైన అనీ బిసెంట్, లెడ్‌బీటర్ రాసిన పుస్తకాల్లో పరిభాష మరోసారి మారింది. బ్లావట్‌స్కీ సాధారణంగా ఆస్ట్రల్ బాడీ అన్నప్పుడు లింగ శరీరం అనుకోవాలి. లెడ్‌బీటర్ అదే మాట వాడినప్పుడు కోరికల శరీరం అనుకోవాలి, ఎందుకంటే పాత లింగ శరీరానికి ఆయన కాలానికి ఈథరిక్ డబుల్ అన్న వేరే పేరు స్థిరపడింది. ఈ తేడా తెలియకుండా రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఒకరు తప్పు చెప్పారన్న నిర్ణయానికి వచ్చేస్తాం.

మొదటి పుస్తకంగా నేను ‘కీ టు థియోసఫీ’నే సూచిస్తాను. అది ప్రశ్నోత్తరాల రూపంలో ఉంటుంది. అడిగేవాడు మనకు రాగల సందేహాలనే అడుగుతాడు. ‘సీక్రెట్ డాక్ట్రిన్’ను ముందే తెరిస్తే విశ్వసృష్టి దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

తరువాత ఒక పొడవాటి నోటుపుస్తకం తీసుకుని, ఒక పుటను నిలువుగా మూడు గడులుగా విడదీయండి. మొదటి గడిలో ఏడు తత్త్వాలను కింది నుంచి పైకి రాయాలి, ఎందుకంటే మనకు బాగా తెలిసినది అడుగునే ఉంది. కంటికి కనిపించే స్థూల శరీరం మొదటిది. దానిని బ్రతికించే ప్రాణం రెండవది. స్థూల శరీరం ఏ అచ్చు మీద పెరుగుతుందో, ఏ సూక్ష్మమైన నమూనా ఆధారంగా దాని కణాలు మారుతున్నా రూపు నిలుస్తుందో, ఆ లింగ శరీరం మూడవది. ఆకలి, ఆశ, కోపం, మోహం వంటి జంతు ప్రవృత్తులకు నెలవైన కామం నాలుగవది. దీనినే కామరూపం అంటారు గానీ, అది విడిగా ఒక రూపం దాల్చేది మరణానంతరమేనని బ్లావట్‌స్కీ చెబుతారు. ఈ నాలుగింటినీ కలిపి చతుష్కం అంటారు. ఇది నశించేది. ఆపైన మనస్సు, బుద్ధి, ఆత్మ అనే త్రయం ఉంది, ఇది నిలిచేది.

ఇక్కడే కాస్త ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే ఈ సిద్ధాంతం మొత్తానికి ఇరుసు లాంటిది అయిదవదైన మనస్సు. దివ్యజ్ఞానం ప్రకారం మనస్సు ఒకటే అయినా, దేహంలో ఉన్నంత కాలం అది రెండుగా పనిచేస్తుంది. ఒక కొస కామం వైపు వంగి, నా ఇల్లు, నా మాట, నా పరువు అంటూ లెక్కలు వేస్తుంది. దీనిని అధో మనస్సు అంటారు. రెండవ కొస బుద్ధి వైపు తిరిగి ఉంటుంది. అది ఊర్ధ్వ మనస్సు. జన్మ నుంచి జన్మకు సాగే అహం (ఇక్కడ గర్వం కాదు, ‘నేను’ అన్నది) ఈ ఊర్ధ్వ మనస్సే. బ్లావట్‌స్కీ దీనిని వివరించడానికి నటుడి పోలికను వాడారు: ఒక రాత్రి రాజుగా, మరో రాత్రి బంటుగా వేషం కట్టిన నటుడు వేషం విప్పిన తరువాత కూడా తానుగానే మిగిలినట్టు, ఈ అహం ఎన్నో వ్యక్తిత్వాలను ధరించి విడిచిపెడుతుంది. వీధినాటకాలు చూసి పెరిగిన మనకు ఈ పోలిక వెంటనే అందుతుంది. తెల్లవారుజామున ముఖానికి పూసిన అర్దళం కడిగేసుకున్న హరిశ్చంద్రుడు కాటికాపరి కష్టాన్ని ఇంటికి మోసుకెళ్లడు గానీ, ఆ వేషం వల్ల గడించిన అభినయ కౌశలం మాత్రం అతని దగ్గరే ఉండిపోతుంది.

బుద్ధి, ఆత్మల గురించి మొదట్లో ఎక్కువగా రాసుకోవద్దు. ఆత్మ ఏ ఒక్కరి సొత్తూ కాని విశ్వ చైతన్యపు కిరణం. బుద్ధి ఆ కిరణానికి వాహనం. మనస్సు తోడు లేకుండా బుద్ధికి ఈ లోకంలో ఎరుక ఉండదు. ప్రారంభకుడికి ఈ మూడు వాక్యాలు చాలు.

ఇప్పుడు పుస్తకం మూసి, మీ జీవితంలోనే జరిగిన ఒక చిన్న ఘటనను తీసుకుని మొదటి గడిలోని ఏడు తత్త్వాల మీద పెట్టి చూడండి. నేను చేసిన పరిశీలన ఒకటి చెబుతాను. ఒక సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేసి, నాన్నగారి ఇంటి పెరట్లోని కొబ్బరిచెట్ల వైపు వాటా తనకు రావాలని అన్నాడు. ఫోన్ పట్టుకున్న చేయి బిగుసుకుంది, చెవులు వేడెక్కాయి. అది స్థూల శరీరం. ఊపిరి పొట్టిదై, పైపైనే ఆడింది. అక్కడ ప్రాణపు కదలిక తెలిసింది. ఇవ్వను అన్న పట్టుదల, మాట కన్నా ముందే ఛాతీలో లేచింది, అది కామం. మరుక్షణంలోనే, పదిహేనేళ్ల కిందట వాడి చదువుకు నేను కట్టిన ఫీజులు అంకెలతో సహా గుర్తుకొచ్చాయి, ఎదురు చెప్పవలసిన వాక్యాలు వరుసగా సిద్ధమయ్యాయి. కామానికి గుమాస్తాగిరీ చేసే అధో మనస్సు అదే. అయితే ఫోన్ పెట్టేసి వరండాలో కూర్చున్నాక, ఇదంతా చూస్తున్నది మరొకటి ఉందని తెలిసింది. దానికి కొబ్బరిచెట్లు అక్కర్లేదు. వాడు అడిగినది న్యాయమేనా అన్న ఒక్క ప్రశ్నను అది నిదానంగా అడిగింది. ఊర్ధ్వ మనస్సు అన్న మాటను నేను ఆ రోజే నోటుపుస్తకంలో ధైర్యంగా రాసుకోగలిగాను.

ఈ పరిశీలనలో లింగ శరీరం రాలేదని మీరు గమనించే ఉంటారు. అది మన మామూలు అనుభవానికి నేరుగా అందేది కాదు కనుక ఆ తత్త్వం దగ్గర ఖాళీగానే వదిలేశాను. మీరూ అలాగే వదిలేయండి. తోచని చోట ఏదో ఒకటి నింపడం ఈ అధ్యయనానికి చేటు. వారానికి ఒక ఘటన చొప్పున మూడు నెలలు రాస్తే, కామం ఎక్కడ ముగిసి మనస్సు ఎక్కడ మొదలవుతుందో చూపు పడుతుంది.

రెండవ గడి వేదాంతానిది. తైత్తిరీయోపనిషత్తు చెప్పిన పంచకోశాలను, అంటే ఆత్మను కప్పి ఉన్న అయిదు తొడుగులను, ఇందులో రాయండి. ‘సీక్రెట్ డాక్ట్రిన్’ మొదటి సంపుటంలో బ్లావట్‌స్కీ ఇచ్చిన పట్టిక ప్రకారం, స్థూల శరీరానికి ఎదురుగా అన్నమయ కోశం వస్తుంది. ప్రాణం, దాని వాహనమైన లింగ శరీరం రెండూ కలిసి ప్రాణమయంలోకి వెళతాయి. కామమూ మనస్సులోని సంకల్ప వికారాల భాగమూ మనోమయం అవుతాయి. మనస్సులోని విజ్ఞాన భాగం విజ్ఞానమయం, బుద్ధి ఆనందమయం అవుతాయి. ఆత్మ రెండు చోట్లా ఆత్మే.

ఈ గడి నింపేటప్పుడు మూడు మాటల దగ్గర జాగ్రత్త పడాలి. వేదాంత ప్రకరణాల్లో లింగ శరీరం అంటే జ్ఞానేంద్రియాలు అయిదు, కర్మేంద్రియాలు అయిదు, ప్రాణాలు అయిదు, మనస్సు, బుద్ధి కలిసిన 17 అంశాల సూక్ష్మ శరీరం. అది మరణానంతరం జీవుడితో పాటు ప్రయాణిస్తుంది. దివ్యజ్ఞానంలోని లింగ శరీరం అలా ప్రయాణించదు, శవాన్ని అంటిపెట్టుకుని దానితో పాటే కరిగిపోతుంది. నేను రెండేళ్లు పోగొట్టుకున్నది ఇక్కడే. ఇక బుద్ధి అంటే మనకు నిశ్చయం చేసే శక్తి. కఠోపనిషత్తులో దేహమనే రథానికి సారథి అదే, మనస్సు పగ్గాలు. దివ్యజ్ఞానంలో ఆ నిశ్చయ శక్తి చాలావరకు మనస్సు పనే అవుతుంది, బుద్ధి దాని కన్నా చాలా పై మెట్టు. మూడవది అంతఃకరణం. మనకది మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే నాలుగింటి సముదాయం. బ్లావట్‌స్కీ దానిని అధో మనస్సుకూ ఊర్ధ్వ మనస్సుకూ మధ్యనున్న వంతెన అన్న అర్థంలో వాడారు. ఈ తేడాలను చూసి ఒక సంప్రదాయం గొప్పది, మరొకటి అనుకరణ అని తేల్చేయాలన్న తొందర కలుగుతుంది. ఆ తొందరను ఆపుకుని, ప్రతి మాట పక్కన ఏ అర్థంలోనో చిన్న గుర్తు పెట్టుకుంటే చదువు ముందుకు సాగుతుంది.

మూడవ గడిని నింపాలంటే ఒక తెలుగువాడి సాయం కావాలి. తల్లాప్రగడ సుబ్బారావు 1856లో కాకినాడలో పుట్టి, మద్రాసులో వకీలుగా పనిచేసి, 1890లో ముప్పై నాలుగేళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. 1882 జనవరిలో ఏడు తత్త్వాల విభాగం మీదనే ‘థియోసఫిస్ట్’ పత్రికలో వ్యాసం రాసిన ఆయన, 1886 డిసెంబరులో సమాజానికి కేంద్రమైన మద్రాసులోని అడయారులో భగవద్గీత మీద చేసిన ఉపన్యాసాల్లో ఆ విభాగాన్ని పక్కన పెట్టి, తారక రాజయోగం అనే యోగ సంప్రదాయంలోని నాలుగింటి విభాగమే మేలన్నారు. స్థూలోపాధి, సూక్ష్మోపాధి, కారణోపాధి, వాటి మీద ఆత్మ అన్నవి ఆ నాలుగు. ఉపాధి అంటే ఇక్కడ ఆత్మ పనిచేయడానికి ఆధారమైన వాహనం. బ్లావట్‌స్కీ 1887లో అదే పత్రికలో జవాబిచ్చారు. ఇద్దరి మధ్యా వాదం కొన్ని నెలలు సాగింది. మన ప్రాంతంవాడైనందుకు ఆయన పక్షం వహించాలని నేను అనను. అయితే ఈ వాదాన్ని చదవకుండా ఏడు తత్త్వాలను వల్లె వేసేవారు ఒక విలువైన ఆధారాన్ని వదులుకుంటున్నారని మాత్రం గట్టిగా నమ్ముతాను.

ఆ ఆధారం ఏమిటంటే, నాలుగింటి విభాగం జాగ్రత్, స్వప్న, సుషుప్తులనే మూడు అవస్థలకు సరిపోతుంది. ఇవి ప్రతి మనిషీ రోజూ దాటి వచ్చేవే. ‘సీక్రెట్ డాక్ట్రిన్’లో బ్లావట్‌స్కీ కూడా, తత్త్వాలు ఏడే అయినా ఆత్మ విడివిడిగా పనిచేయగల ఉపాధులు మూడేననీ, సిద్ధుడు ఈ మూడింటిని ప్రాణహాని లేకుండా వేరుచేయగలడు గానీ ఏడు తత్త్వాలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేయలేడనీ ఒప్పుకున్నారు. కనుక మూడవ గడిలో మొదటి మూడు తత్త్వాలకు ఎదురుగా స్థూలోపాధి, కామానికీ మనస్సుకూ ఎదురుగా సూక్ష్మోపాధి, బుద్ధికి ఎదురుగా కారణోపాధి అని రాసి, ఒక్కొక్క ఉపాధికీ చుట్టూ గీత గీయండి. ఏడింటినీ ఏడు డబ్బాలుగా ఊహించుకునే అలవాటు ఆ గీతలతో పోతుంది. ఉల్లిపాయ పొరల్లా ఒకదాని మీద ఒకటి ఉన్నాయనుకోవడం కూడా సరికాదు. ఇవి ఒకే చోట, ఒకదానిలో ఒకటి వ్యాపించి ఉంటాయని గ్రంథాలు చెబుతాయి. తడిసిన ఇసుకలో నీరూ, ఆ నీటిలో గాలీ ఉన్నట్టుగా ఊహిస్తే కొంత దగ్గరగా ఉంటుంది.

మరణానంతర స్థితుల అధ్యాయాలను చివరికి ఉంచుకోండి. చాలామంది ఆసక్తి కొద్దీ వాటితోనే మొదలుపెడతారు, తత్త్వాలు తెలియనందున అవి కథల్లా మిగిలిపోతాయి. మూడు గడులూ నిండిన తరువాత చదివితే, అదే పట్టికను మళ్లీ కింది నుంచి పైకి విప్పుతున్నట్టు ఉంటుంది. దేహం మట్టిలో కలుస్తుంది, ప్రాణం విశ్వ ప్రాణంలో కలుస్తుంది, లింగ శరీరం కరుగుతుంది. మరణానంతరం కోరికలు మిగిలి ఉండే కామలోకంలో కామరూపం కొంత కాలం నిలుస్తుంది; అక్కడ అధో మనస్సులోని ఉదాత్తమైన సారాన్ని మాత్రం తీసుకుని ఊర్ధ్వ మనస్సు విడిపోవడాన్ని రెండవ మరణం అంటారు. ఆపైన దేవచాన్ అనే విశ్రాంతి స్థితి, ఆ తరువాత కర్మ వెంటరాగా కొత్త జన్మ. మొదటి పరిశీలనలో మీరు రాసుకున్న ఘటనను ఇక్కడ మరోసారి తీసి చూడండి: అందులో ఏ ముక్క కామలోకంలో రాలిపోయేది, ఏ ముక్క ముందుకు వెళ్లేది అని అడుగుతూ గీత గీయండి. నా పుటలో ఫీజుల లెక్క గీతకు కింద పడింది.

ఒక హెచ్చరిక తప్పదు. కామరూపం, పొట్టు, ఛాయ అన్న మాటలు చదివినప్పుడు చనిపోయినవారిని పిలిచి మాట్లాడించే కూటాల మీదకు, సూక్ష్మ దేహంతో బయటకు వెళ్లే సాధనల మీదకు కొందరి మనసు పోతుంది. పిలుపుకు వచ్చేది చాలాసార్లు అహం విడిచిపెట్టిపోయిన ఖాళీ పొట్టేనని బ్లావట్‌స్కీ పదేపదే హెచ్చరించారు. కొడుకునో భర్తనో పోగొట్టుకుని, ఆ దుఃఖంలో ఈ పుస్తకాల దగ్గరకు వచ్చినవారు మా బృందంలోనూ ఉన్నారు. వారితో ఈ విషయాన్ని వాదంగా మాట్లాడకండి; వారికి ముందు కావలసినది పక్కన కూర్చునే మనిషి. కొంత కాలానికి వారే అడుగుతారు, అప్పుడు దేవచాన్ అధ్యాయాన్ని వారితో కలిసి, పైకి చదువుతూ, నిదానంగా మొదలుపెట్టండి.